మైళ్ళ ఖాతా తెరవాలా, వద్దా?

మా ఆఫీసులో ఈ ఏడాదే చేరిన ఖమ్మం అబ్బాయి మొన్న లంచ్ రూములో లాప్‌టాప్ ముందేసుకుని దిగాలుగా కూర్చున్నాడు. డిసెంబరులో పెళ్ళిచూపులకు హైదరాబాద్ వెళ్ళాలట. టికెట్ కొంటుంటే మధ్యలో ఒక గడి అడ్డం పడింది. ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబరు ఇవ్వమంటోంది, అంటే విమానం కంపెనీ దగ్గర మన మైళ్ళ ఖాతా నంబరు. ఎక్కినప్పుడల్లా అందులో మైళ్ళు పడతాయి, పోగయ్యాక వాటితో టికెట్ కొనుక్కోవచ్చు. "అక్కా, నేను ఏడాదికోసారి పోయేటోణ్ణి. నేనేం ఫ్రీక్వెంటు? ఇండ్ల చేరితే పైసలేమన్నా కట్ చేస్తరా?" అన్నాడు.

ఏమీ కట్ చేయరు తమ్ముడూ, చేరిపో అన్నాను. మీకైనా అదే చెబుతాను. చేరడానికి రూపాయి ఖర్చు లేదు, అయిదు నిమిషాల పని. చిక్కు చేరడంలో లేదు. చేరాక ఆ మైళ్ళ మొహం చూసి టికెట్ కొనడం మొదలుపెడతామే, అక్కడుంది.

నేను 2003లో డల్లాస్ వచ్చాను. అప్పటికి శంషాబాద్ లేదు, బేగంపేటలోనే దిగేవాళ్ళం. ప్రతి ప్రయాణానికీ ఎవరు చౌకగా ఇస్తే వాళ్ళ విమానం ఎక్కడం, ఎక్కిన ప్రతిదాంట్లో సభ్యత్వం తీసుకోవడం. పోస్టులో ప్లాస్టిక్ కార్డులు వచ్చేవి. వాటిని చూసుకుని మురిసిపోయి సొరుగులో పడేసేదాన్ని. ఏడేళ్ళ తర్వాత ఒకరోజు లెక్క చూస్తే ఒకచోట 11 వేలు, ఒకచోట 7 వేలు, మిగతా రెండుచోట్ల గడువు దాటి సున్నా. నాలుగు కుండల్లో తలా గుప్పెడు బియ్యం పోసినట్టయింది, ఏ కుండలోనూ అన్నం ఉడకదు. డల్లాస్ నుంచి హైదరాబాద్ మాట దేవుడెరుగు, చికాగో వెళ్ళి రావడానికి కూడా చాలలేదు.

ఈ మైళ్ళ వ్యవహారం ఇప్పుడున్న రూపంలో 1981 మే నెలలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదలుపెట్టింది. రోజుల తేడాలో యునైటెడ్ అందుకుంది. అప్పట్లో ఎన్ని మైళ్ళు ఎగిరితే అన్ని మైళ్ళు ఖాతాలో పడేవి, అందుకే ఆ పేరు. మనలాంటి దూరప్రయాణికులకు అది బంగారం. ఇండియా వెళ్ళొస్తే ఒక్క దెబ్బకు పదహారు, పదిహేడు వేలు. తర్వాత లెక్క మారింది. 2015లో డెల్టా, యునైటెడ్, 2016లో అమెరికన్ తమ సొంత విమానాల్లో దూరాన్ని వదిలేసి టికెట్ ధరకు ముడిపెట్టాయి. మామూలు సభ్యుడికి డాలరుకు 5 మైళ్ళతో మొదలైంది. ఆ డాలర్లలో ప్రభుత్వ పన్నులు కలవవు. కాబట్టి 1,200 డాలర్ల టికెట్ కొన్నాం, ఆరు వేలు వస్తాయి అనుకోకండి. పన్నులు తీసేశాక మిగిలిందాని మీదే లెక్క. పైగా అన్నిటికన్నా చౌకరకం టికెట్ మీద కొన్ని కంపెనీలు ఒక్క మైలూ ఇవ్వవు.

దూరాన్ని బట్టి ఇచ్చే పద్ధతి పూర్తిగా పోలేదు. భాగస్వామి విమానంలో ఎగిరితే చాలాచోట్ల ఇప్పటికీ అలాగే లెక్క కడతారు. మనకు పనికొచ్చే కిటుకు ఇక్కడుంది, కాస్త వివరంగా చెబుతాను.

విమానం కంపెనీలు మూడు కూటములుగా ఉన్నాయి. యునైటెడ్, లుఫ్తాన్సా, సింగపూర్, 2014 నుంచి మన ఎయిరిండియా కూడా స్టార్ అలయన్స్‌లో ఉన్నాయి. అమెరికన్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, 2013 నుంచి ఖతార్ వన్‌వరల్డ్‌లో ఉన్నాయి. డెల్టా, ఎయిర్ ఫ్రాన్స్, కె.ఎల్.ఎమ్. స్కైటీమ్‌లో ఉన్నాయి. మనవాళ్ళు ఎగబడి ఎక్కే ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. కూటమిలో ఒకరి దగ్గర ఖాతా ఉంటే మిగతావాళ్ళ విమానం ఎక్కినా ఆ ఖాతాలోనే వేయించుకోవచ్చు. అంటే ఖతార్‌లో వెళ్తే ఖతార్‌లో చేరాలని లేదు. డల్లాస్‌లో ఉండేవాళ్ళు అమెరికన్ నంబరు ఇస్తే దోహా మీదుగా వెళ్ళినా, లండన్ మీదుగా వెళ్ళినా, ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్ళినా అన్నీ ఒకే కుండలో పడతాయి. హ్యూస్టన్, చికాగో, న్యూఆర్క్, శాన్‌ఫ్రాన్సిస్కో వైపు వాళ్ళకు యునైటెడ్ కుండ నప్పుతుంది. అట్లాంటా, డెట్రాయిట్ అయితే డెల్టా. మీ ఊరి విమానాశ్రయంలో ఎవరి తోకలు ఎక్కువ కనిపిస్తే వాళ్ళ దగ్గర ఖాతా తెరవండి. ఎమిరేట్స్ తప్ప ఎక్కను అనే పెద్దలు ఇంట్లో ఉంటే దానికొకటి. రెండు చాలు, మూడోది అనవసరం.

ఇప్పుడు లెక్క చూద్దాం. డల్లాస్ నుంచి దోహా మీదుగా హైదరాబాద్‌కు ఒక వైపు దూరం 9,700 మైళ్ళ దాకా ఉంటుంది. అన్నీ వచ్చి పడవు. టికెట్ మీద తరగతిని చెప్పే ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఎకానమీ అంటే ఒక్కటే అనుకుంటాం గానీ, అందులోనే డజను అక్షరాలుంటాయి. పక్కపక్క సీట్లలో కూర్చుని ఒకే ఉప్మా తిన్న ఇద్దరిలో ఒకరికి దూరంలో సగం మైళ్ళు, ఇంకొకరికి పావు వంతే పడవచ్చు. ఏ అక్షరానికి ఎంతో ఖాతా ఉన్న కంపెనీ పట్టికలో ఉంటుంది. కొనక ముందు చూసుకోవాలి. తెలుగు ట్రావెల్ ఏజెంట్లు ఇచ్చే చౌక టికెట్లు కొన్ని అసలు మైళ్ళే రాని కోవలో ఉంటాయి. డబ్బు కట్టకముందే ఆ అక్షరం ఏమిటో అడగండి. చెప్పడానికి నసిగితే విషయం అర్థమైనట్టే.

సగం వచ్చే అక్షరం దొరికిందనుకుందాం. రానూపోనూ మనిషికి 9,700, నలుగురున్న కుటుంబానికి 38,800. మైలుకు ఒక సెంటు విలువ కడితే 388 డాలర్లు. పావు వంతే వస్తే 194. మా స్నేహితులు ఒకాయన మైళ్ళ కోసం మనిషికి 150 డాలర్లు ఎక్కువ పెట్టి నాలుగు టికెట్లు కొన్నారు. అంటే 600 డాలర్లు చేతినుంచి పెట్టి 388 డాలర్ల సరుకు తెచ్చుకున్నారు, అదీ నాలుగు ఖాతాల్లో నాలుగు ముక్కలుగా. ఎవరి మైళ్ళు వాళ్ళ ఖాతాలోనే పడతాయి. భర్త టికెట్లన్నీ తన కార్డు మీద కొన్నాడని భార్యాపిల్లల మైళ్ళు ఆయనకు రావు. కొన్ని కంపెనీలు కుటుంబమంతా ఒకచోట కలుపుకోనిస్తాయి. ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఎమిరేట్స్‌లో ఆ వీలుంది. యునైటెడ్ 2024లో తెచ్చింది. రెండేళ్ళు నిండి సొంత సీటున్న పిల్లలకు కూడా ఖాతా తెరవండి. ఒళ్ళో కూర్చునే చంటిదానికి ఏమీ రావు.

ధర, ప్రయాణ సమయం, మధ్యలో ఆగే గంటలు, సామాను లెక్క చూసుకుని ముందు టికెట్ ఎంచుకోండి. ఆ తర్వాతే నంబరు వేయండి. నాకైతే దోహాలో రెండు గంటల ఆగుడు, 23 కిలోల పెట్టెలు రెండు, ఈ రెండూ పదివేల మైళ్ళకన్నా ఎక్కువ. ఆవకాయ జాడీ ఇంట్లో వదిలేసి మైళ్ళు మోసుకొచ్చిన మనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇక పేరు సంగతి. మిగతావన్నీ మరిచిపోయినా దీన్ని గుర్తుంచుకోండి. ఖాతాలో పేరు, టికెట్ మీద పేరు, పాస్‌పోర్టులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా ఉండాలి. మన ఇంటిపేర్లతో ఇది అంత తేలిక కాదు.

మా అమ్మ పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఉన్నది ఒక్క పేరే, అదీ రెండు పేర్లు కలిపేసిన పొడుగాటి పేరు. అమెరికా వీసాలో ఆ ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలోకి నెట్టి, అసలు పేరు ఉండాల్సిన చోట ఎఫ్.ఎన్.యు. అని కొట్టారు. పేరు తెలియదు అని దానర్థం. టికెట్ అలాగే వచ్చింది. నేనేమో ఖాతా తెరిచేటప్పుడు అతితెలివికి పోయి మా నాన్నగారి ఇంటిపేరు చేర్చాను. బోర్డింగ్ పాస్ చూస్తే పేరు చివర ‘మిసెస్’ కూడా అతుక్కుపోయి అదింకో కొత్త పేరులా ఉంది. ఒక మనిషి, మూడు పేర్లు. మైళ్ళు పడలేదు. ఆ కంపెనీకి రాస్తే పేరు సరిపోలడం లేదని జవాబొచ్చింది. పాస్‌పోర్టు నకలు పంపితే మళ్ళీ అదే జవాబు. ఏడో ఈమెయిలు తర్వాత విసిగి వదిలేశాను. ఎఫ్.ఎన్.యు. అర్థం చెబితే అమ్మ మాత్రం, "పేరే తెలియనిదాన్ని అంత పెద్ద విమానం ఎలా ఎక్కించుకున్నారే?" అంది.

ప్రయాణం అయిపోయాక రెండు మూడు వారాలకు ఒకసారి ఖాతా తెరిచి చూడండి. పడకపోతే అడిగి వేయించుకోవచ్చు. దానికి గడువుంటుంది, ఆరు నెలలనేవాళ్ళు ఉన్నారు, ఏడాది అనేవాళ్ళు ఉన్నారు. అడగడానికి కావలసింది బోర్డింగ్ పాస్, పదమూడు అంకెల టికెట్ నంబరు. మొదటి మూడు అంకెలు కంపెనీ గుర్తు. ఖతార్‌ది 157, ఎమిరేట్స్‌ది 176, ఎయిరిండియాది 098. బోర్డింగ్ పాస్ కాగితం మీద అచ్చు వేడికి పడేది, కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. నేను రబ్బరు బ్యాండు వేసి దాచిన కట్టలో సగం ఇప్పుడు తెల్ల కాగితాలే. ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి.

గడువు సంగతి కంపెనీకొక తీరు. డెల్టా, యునైటెడ్ మైళ్ళకు గడువు లేదు. అమెరికన్‌లో 24 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి, ఏదో ఒకటి వేసినా తీసినా బతుకుతాయి. సింగపూర్, ఎమిరేట్స్ మైళ్ళకు మూడేళ్ళ ఆయుష్షు, మీరు మళ్ళీ ఎక్కారా లేదా అన్నదాంతో దానికి సంబంధం లేదు. మూడేళ్ళకోసారి ఇండియా వెళ్ళేవాళ్ళకు ఇది చేదుగా తగులుతుంది.

సరే, పోగయ్యాయి. వాడుకోవడమెలా? బడి సెలవుల్లో, సంక్రాంతికి ముందు మైళ్ళతో సీటు దొరకడం తిరుపతి దర్శనంలాంటిది. దొరికినా ఊరికే రాదు, పన్నులు కట్టాలి. కొన్ని కంపెనీలు సొంత సుంకం కూడా వేస్తాయి, ముఖ్యంగా లండన్ మీదుగా వెళ్ళే దారిలో. నగదు ధరలోంచి ఆ పన్నులు తీసేసి, మిగిలిందాన్ని అడిగిన మైళ్ళతో భాగించి చూడండి. వెయ్యి డాలర్ల టికెట్‌కు 80 వేల మైళ్ళు, వంద డాలర్ల పన్ను అడిగితే, మిగిలిన 900ను 80 వేలతో భాగిస్తే మైలుకు 1.1 సెంటు పైన వస్తుంది. ఫరవాలేదు, తీసుకోవచ్చు. ఒక సెంటు కన్నా తక్కువొస్తే నేను డబ్బే కడతాను. అలాగని పదేళ్ళు దాచిపెట్టకండి. ఒకే సీటుకు అడిగే మైళ్ళు ఏటికేడు పెరుగుతాయి, చెప్పాపెట్టకుండా పెరుగుతాయి.

అవి మన ఆస్తి అనుకోవడం కూడా పొరపాటే. ఒక మతగురువు పదే పదే ఫిర్యాదులు చేసి పరిహారం అడుగుతున్నాడని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఆయన సభ్యత్వం తీసేస్తే, ఆయన వేసిన దావా నిలవదని 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కంపెనీల వైపు నుంచి చూస్తే మాత్రం ఇది పెద్ద ఆస్తి. కరోనా ఏడాది విమానాలు నేలమీద నిలబడిపోతే, డెల్టా తన మైళ్ళ వ్యాపారాన్నే తాకట్టు పెట్టి 900 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. మైళ్ళ వ్యాపారంలో అంత డబ్బు ఎక్కడిదంటే, ఎక్కువ భాగం బ్యాంకులది. క్రెడిట్ కార్డుల వాళ్ళకు మైళ్ళు టోకున అమ్ముతారు, బ్యాంకులు వాటిని మనకు ఎర వేస్తాయి. అందుకే విమానంలో ట్రాలీ తోసుకుంటూ వచ్చి కార్డు దరఖాస్తులు పంచుతారు.

ఆ కార్డు తీసుకుంటే చేరిక బహుమతిగా వచ్చే మైళ్ళు నాలుగైదు ఇండియా ప్రయాణాలకు సమానం, నిజమే. కానీ కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఏడాది దాని జోలికి పోకండి. ముందు ఏటా రుసుము లేని మామూలు కార్డుతో క్రెడిట్ చరిత్ర కట్టుకోండి. మూడు నెలల్లో ఇన్ని వేలు ఖర్చు పెట్టాలనే షరతు కోసం అక్కర్లేని సోఫా కొని, బాకీ మిగుల్చుకుని, ఇరవై శాతం పైన వడ్డీ కడితే ఆ మైళ్ళు ఎవరికి మిగిలినట్టు? ప్రతి సోమవారం క్లయింటు ఊరికి ఎగిరి గురువారం తిరిగొచ్చే కన్సల్టెంట్ల సంగతి వేరు. వాళ్ళకు ఆఫీసు డబ్బుతో మైళ్ళూ వస్తాయి, తరచు ఎగిరేవాళ్ళకు విమానం కంపెనీ ఇచ్చే హోదా కూడా వస్తుంది. ఆ హోదాతో అదనపు పెట్టె, లాంజ్‌లో ఇడ్లీ దొరుకుతాయి. ఏడాదికోసారి ఇండియా వెళ్ళే మనకు ఆ హోదా మీద ఆశ వద్దు.

ఒక హెచ్చరిక. వాట్సాప్ గ్రూపుల్లో సగం ధరకు టికెట్ ఇస్తామనేవాళ్ళు కొందరు ఇతరుల మైళ్ళతో కొనిస్తారు. మీ మైళ్ళతో అమ్మానాన్నలకు టికెట్ కొనిపెట్టడం వేరు, మైళ్ళు అమ్ముకోవడం వేరు. రెండోది ఏ కంపెనీ ఒప్పుకోదు, పట్టుకుంటే టికెట్ రద్దు చేస్తుంది. విమానాశ్రయంలో నిలబడేది మీ నాన్నగారు, అమ్మినవాడు కాదు.

ఇంతా విన్నాక మా ఖమ్మం అబ్బాయి సరేనని ఇంటికి వెళ్ళి ఖాతా తెరిచాడు. రాత్రి పదింటికి స్క్రీన్‌షాట్ పంపాడు, "అయిపోయింది అక్కా" అని. చూస్తే పేరు గడిలో ఇంటిపేరు, ఇంటిపేరు గడిలో పేరు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని మళ్ళీ మొదటినుంచి చూడు తమ్ముడూ అని జవాబు పెట్టి పడుకున్నాను.