చిన్ననాటి స్నేహితుడు ముఖం చాటేస్తున్నాడు

ప్రశ్న: నాకు 14 ఏళ్లు. ఒకటో తరగతి నుంచీ పక్కింటి అబ్బాయి, నేను మంచి స్నేహితులం. ఈ ఏడాది నుంచి అతను స్కూల్లో నన్ను చూసీ చూడనట్టు వెళ్లిపోతున్నాడు. ఇంటి దగ్గర మాత్రం అప్పుడప్పుడు మాట్లాడతాడు. క్లాసులో మా ఇద్దరి పేర్లూ కలిపి ఏడిపిస్తున్నారు. అమ్మేమో ఇక ఆ స్నేహం చాలించమంటోంది. నేను చేసిన తప్పేంటి?

జవాబు: తప్పేమీ చేయలేదమ్మా. ఇంటి దగ్గర మాట్లాడతాడు, స్కూల్లో మాట్లాడడు అని రాశావు చూడు, నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. నీ మీద ఇష్టం పోయుంటే ఇంటి దగ్గరా మాట్లాడడు. అతనికి నలుగురి కళ్లంటే భయం పట్టుకున్నట్టుంది.

మీ వయసులో ఎప్పుడూ ఎవరో తమనే గమనిస్తున్నట్టు అనిపిస్తుంది. మనస్తత్వవేత్త డేవిడ్ ఎల్కైండ్ 1967లోనే దీని గురించి రాస్తూ, ఆ చూసేవాళ్లను 'ఊహల్లోని ప్రేక్షకులు' అన్నారు. ముఖం మీద మొటిమ వచ్చినా, మాట్లాడుతుంటే గొంతు కీచుమన్నా అందరూ చూసేశారని టెన్షన్. పైగా మీ క్లాసులో నిజంగానే ఏడిపించేవాళ్లున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక అతను తప్పుకుంటున్నాడు. అలా తప్పుకోవడం సరైనదని నేననను. నీకెంత బాధేసి ఉంటుందో అర్థమవుతోంది.

ఇంకో సంగతి. యుక్తవయసు మార్పులు సాధారణంగా ఆడపిల్లల్లో 8-13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9-14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. అందుకే ఒకే ఈడువాళ్లయినా ఒకరు పెద్దయిపోయినట్టు, మరొకరు ఇంకా చిన్నపిల్లాడిలా కనిపిస్తారు. నిన్నటిదాకా భుజాల మీద చేతులేసుకుని తిరిగినవాళ్లకు ఇప్పుడు ఎంత దూరంలో నిలబడాలో కూడా తెలియదు. నీకు కూడా కొన్ని విషయాలు స్నేహితురాళ్లతోనే చెప్పుకోవాలనిపిస్తూ ఉండొచ్చు. అతని మీద ఇష్టం కొత్తగా మారుతున్నట్టు అనిపించినా కంగారు పడకు. దానికి ఇప్పుడే ఏ పేరూ పెట్టక్కర్లేదు.

అతనితో ఒకసారి మాట్లాడు. మెసేజ్‌లో వద్దు, స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే గొడవ పెరుగుతుంది. ఇంటి దగ్గర కనిపించినప్పుడు, "స్కూల్లో పలకరించకపోతే నాకు బాధగా ఉంది. ఎక్కువ మాట్లాడక్కర్లేదు, కనిపిస్తే ఒకసారి తల ఊపు చాలు" అను. నిలదీయొద్దు. అదీ తన వల్ల కాదంటే కొన్నాళ్లు వదిలెయ్, వెంటపడి బతిమాలకు.

అమ్మ దగ్గర మాత్రం దాచకు. నీ భయమేంటమ్మా అని అడుగు. ఎక్కడ, ఎప్పుడు మాట్లాడుకుంటే ఆమెకు ఇబ్బంది లేదో ఇద్దరూ కలిసి అనుకోండి. ఈ జవాబు ఆమెకూ చూపించు. అమ్మగారూ, మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ స్నేహం చాలించమని గట్టిగా అంటే స్నేహం ఆగుతుందో లేదో గానీ, మీ అమ్మాయి మీతో చెప్పుకోవడం ఆగిపోతుంది. దయచేసి ఆ తలుపు మూయకండి.

ఇక ఏడిపించేవాళ్ల సంగతి. ఒకటి రెండు మాటలైతే పట్టించుకోకపోతే వాళ్లే విసిగిపోతారు. గోడల మీద పేర్లు రాయడం, ఫొటోలు కలిపి పంపడం దాకా వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు. నీకు నమ్మకమున్న టీచర్‌కు చెప్పు, అమ్మను వెంట తీసుకెళ్లు.