మీ ప్రశ్నలు, మా జవాబులు: గోడౌన్ నుంచి కంచం దాకా

ఈసారి ఉత్తరాలన్నీ గుంటూరు, బెజవాడల నుంచే. ఎవరికి వాళ్ళు విడిగా రాశారు గానీ వరసగా చదువుతుంటే ఒకటి కొట్టొచ్చినట్టు కనపడింది, మన కూరలోకి చిటికెడు చేరే సరుకు అంతకుముందే ఎవరో ఒకరి చేతుల్లోంచి, వాళ్ళు పీల్చే గాల్లోంచి బస్తాల లెక్కన వెళ్తోంది. అందుకే కొన్ని జవాబులు మామూలు కంటే పెద్దవయ్యాయి, ఓపిగ్గా చదవండి.

డాక్టర్ గారూ, నేను మిర్చి గోడౌన్‌లో తొడిమలు తీసే పనికి పోతాను. కిలోల లెక్కన డబ్బులిస్తారు. సీజన్ మొదలైతే దగ్గు ఆగదు, రాత్రిళ్ళు చేతులు ఒకటే మంట, చన్నీళ్ళలో పెట్టినా తగ్గదు. పాపని ఎత్తుకుంటే దాని బుగ్గలు కూడా కందిపోతున్నాయి. మొన్న పరీక్ష చేసి రక్తం 8 ఉందన్నారు. మేస్త్రీనేమో అందరికీ ఉండేదేలే అంటాడు. ఏం చేయాలి?
– గుంటూరు నుంచి ఒక చెల్లెలు

ముందు చేతుల సంగతి చూద్దామమ్మా. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఎన్ని చన్నీళ్ళు పోసినా లాభం ఉండదు. పని అవ్వగానే వంటనూనో కొబ్బరినూనో మోచేతుల దాకా బాగా పట్టించి, గోళ్ళ సందుల్లో కూడా రుద్ది, పాత గుడ్డతో తుడిచేసి, అప్పుడు సబ్బుతో కడగండి. ఇదంతా పాపని ముట్టుకోకముందే, ఆ చీర కూడా మార్చేశాకే ఎత్తుకోండి, కొంగు నిండా పొడే ఉంటుంది కదా. మన ఒంట్లో 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే నరాలుంటాయి, క్యాప్సైసిన్ సరిగ్గా వాటినే తట్టి లేపుతుంది, అందుకే నిజంగా కాలినట్టే ఉంటుంది. ఈ గుట్టు 1997లో బయటపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఆ నరాలు గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఉన్నాయి, మీకొచ్చే దగ్గు అక్కడి నుంచే. కాబట్టి మంట మీ ఊహేం కాదు, మేస్త్రీ ఏమన్నా సరే.

దగ్గు రెండు వారాలు దాటిందంటే మాత్రం ఘాటు వల్లేలే అని వదిలేయొద్దు, కళ్ళె పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితమే. ఇరుకు గోడౌన్లో పక్కపక్కన కూర్చుని పనిచేసే చోట టీబీ ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా పాకుతుంది. మూతికి కొంగు చుట్టుకుంటే పెద్ద పొడి ఆగుతుందేమో గానీ సన్నటి దుమ్ము ఆగదు, ఎన్95 మాస్క్ అయితే ఆగుతుంది, కానీ ఏప్రిల్లో రేకుల షెడ్డు కింద కూర్చుని రోజంతా అది పెట్టుకోమని చెప్పడానికి నాకు మనసొప్పదు. అసలు చేయాల్సింది గోడౌన్‌కి ఎదురుబొదురు తలుపులు తీసి ఉంచడం, గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్లు పెట్టడం, జల్లెడ పట్టే పని ఆడవాళ్ళు కూర్చునే చోటికి దూరంగా చేయించడం. ఇవన్నీ యజమాని చేయాల్సినవి. ఒక్కరే అడిగితే రేపట్నుంచి రావొద్దంటారు, పదిమంది కలిసి అడగండి. ఇంకో సంగతి, కిలోల లెక్కన కూలి అయితే నీళ్ళు తాగడానికి లేచినా డబ్బు పోయినట్టే, అందుకని ఎవరూ లేవరు, బాత్‌రూమ్ ఉండదని నీళ్ళే తాగరు, ఆ తర్వాత మూత్రంలో మంట అని వస్తారు. ఆ జబ్బులో సగం ఆ కూలి లెక్కలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక రక్తం, అంటే హిమోగ్లోబిన్, 8 అంటే తక్కువే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ప్రతి 100 మంది ఆడవాళ్ళలో 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది, అందరికీ ఉంది కాబట్టి మామూలే అనుకోవడానికి అది కారణం కాదు. పొద్దున టీ, మధ్యాహ్నం పచ్చడి మెతుకులు, మళ్ళీ టీ, ఇంతే కదా మీ రోజు? టీ తిండిలోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, అన్నానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండాలి. గుడ్డు, తోటకూర, పప్పులో మునగాకు, తిన్నాక ఒక జామకాయ, ఇవి ఖరీదైనవేం కావు. వీటితోపాటు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు డాక్టర్ చెప్పినన్నాళ్ళు మానకుండా వేసుకోండి, మలం నల్లగా వస్తే భయపడొద్దు. ఈ ఫోలిక్ యాసిడ్ కథ కూడా పనిచేసే ఆడవాళ్ళ దగ్గరే మొదలైంది. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ పరిశీలించి, ఈస్ట్ సారం తినిపిస్తే తగ్గుతోందని 1931లో రాశారు. అందులోని ఆ పదార్థాన్ని 1945లో అమెరికాలో ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మీకిచ్చే మాత్ర అదే.

కారం పొడి గ్లాసు నీళ్ళలో వేస్తే కల్తీ తెలిసిపోతుందని వీడియో చూశాను. నిజమేనా మేడమ్? పసుపు కూడా కల్తీ అంటున్నారు, ఏది కొనాలో అర్థం కావట్లేదు.
– సత్యనారాయణపురం, విజయవాడ

సగం నిజం. నీళ్ళ మీద పొడి చల్లగానే ఎర్రటి చారలు కిందకి దిగితే నీళ్ళలో కరిగే రంగు కలిపారని అర్థం, అడుగున మిగిలింది వేళ్ళతో నలిపితే గరగరలాడితే ఇసుకో ఇటుక పొడో ఉన్నట్టు. కానీ ఎరుపు కోసం కలిపే సుడాన్ అనే రసాయన రంగులు నూనెలో కరిగేవి, నీళ్ళలో చారలు రావు, కాబట్టి మీ గ్లాసు పరీక్ష పాసైనంత మాత్రాన మంచి కారం అని కాదు. 2005లో బ్రిటన్‌లో ఈ సుడాన్ రంగున్న కారం ఒక సాస్‌లో దొరికి, ఆ సాస్ వాడిన 400కి పైగా సరుకుల్ని షాపుల్లోంచి వెనక్కి తీసుకున్నారు, అప్పట్నుంచి ఎగుమతి సరుకుకి పరీక్షలు గట్టిగా చేస్తున్నారు. మనం తినే సరుకుకి కూడా అంత గట్టిగా జరగాలని నా కోరిక.

కంటికి కనపడనిది ఇంకోటుంది, అఫ్లాటాక్సిన్, బూజు వదిలే విషం. కల్లంలో సరిగ్గా ఎండక ముందే కట్టేసినా, కాయ పెళుసుగా విరిగిపోకుండా నీళ్ళు చల్లి బస్తాలకెత్తినా లోపల బూజు పడుతుంది. తేమ 10, 11 శాతం దాటకుండా ఎండబెడితే ఈ బాధ చాలావరకు ఉండదు. వండితే ఈ విషం పోతుందనుకుంటారు, పోదు, ఏళ్ళ తరబడి తింటే లివర్‌ని దెబ్బతీస్తుంది, హెపటైటిస్ బి ఉన్నవాళ్ళకి లివర్ క్యాన్సర్ ముప్పు ఇంకా ఎక్కువ. మన దేశంలో మసాలా దినుసులకి కిలోకి 30 మైక్రోగ్రాములు పరిమితి, యూరప్‌లో మిర్చికి 10 మాత్రమే. అందుకని వీలైతే ఎండు మిరపకాయలే కొని, తొడిమ దగ్గర విరిచి లోపల నల్లగా, బూజుగా ఉన్నవి ఏరేసి, ఒకసారి బాగా ఎండబెట్టి మర పట్టించుకోండి.

పసుపు కూడా అంతే, దుగ్గిరాల యార్డు మనకి పక్కనే, కొమ్ములు కొని దంపించుకోవచ్చు. మరీ మెరిసిపోయే పసుపుపచ్చ చూసి మోజు పడొద్దు. బంగ్లాదేశ్‌లో కొమ్ములకి పాలిష్ పట్టేటప్పుడు లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూసేవాళ్ళు, 2019లో బజారు శాంపిళ్ళలో దాదాపు సగానికి సీసం ఉంది, ప్రభుత్వం దాడులు చేసి, పేపర్లలో టీవీల్లో చెప్పి, 2021కల్లా సున్నాకి తెచ్చింది. రెండేళ్ళలో సాధ్యమైందంటే మన దగ్గరా సాధ్యమే. ఆ పాలిష్ మిల్లుల్లో పనివాళ్ళే ఆ దుమ్ముని అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ పీల్చారు.

మా ఆయన ఆటోనగర్‌లో బ్యాటరీ షాపులో పాత బ్యాటరీలు విప్పే పని చేస్తారు. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం. గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నారు. మా బాబు కూడా ఈమధ్య చదువు మీద ధ్యాస పెట్టట్లేదు. రెండిటికీ సంబంధం ఉంటుందా అండీ?
– పటమట

ఉండే అవకాశం ఉందమ్మా, ఆలస్యం చేయొద్దు. ఇద్దరికీ రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి, పరీక్ష రాయించుకునేటప్పుడు ఆయన చేసే పనేంటో డాక్టర్‌కి చెప్పండి, అడగకపోతే చాలామంది చెప్పరు, డాక్టర్లు కూడా అడగరు. సీసం ఒంట్లో చేరితే సరిగ్గా ఇలాగే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తం తగ్గడం ఉంటాయి. పిల్లలకైతే ఇంత వరకు పర్వాలేదు అనే మోతాదే లేదు. ఆయన బట్టలకి, జుట్టుకి, చెప్పులకి అంటుకుని ఆ దుమ్ము ఇంటికొస్తుంది, బాబు నేల మీద ఆడి చెయ్యి నోట్లో పెట్టుకుంటాడు. షాపులోనే స్నానం చేసి బట్టలు మార్చుకుని రమ్మనండి, ఆ బట్టలు విడిగా ఉతకండి, ఇల్లు ఊడ్చే బదులు తడిబట్ట పెట్టండి. పనిలోకి ఖాళీ కడుపుతో పంపొద్దు, ఖాళీ కడుపు సీసాన్ని ఎక్కువ లాక్కుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువున్న ఒంటికీ సీసం ఎక్కువ పడుతుంది, కాబట్టి రాగిజావ, పాలు, ఆకుకూరలు ఇద్దరికీ రోజూ ఉండాలి, కానీ తిండి మందుకి బదులు కాదు, పని చేసే పద్ధతి మారాలి. సీసం విషం చట్టప్రకారం డాక్టర్ రిపోర్ట్ చేసి తీరాల్సిన జబ్బు. షాపులో 10 మంది గానీ అంతకు మించి గానీ ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది, కార్డు ఉందేమో అడగండి, గుణదల ఆస్పత్రిలో చూపించుకోవచ్చు.

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది మూర్ఛలొచ్చి పడిపోయి, కొందర్ని బెజవాడ, గుంటూరు ఆస్పత్రులకి తెచ్చినప్పుడు ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనపడ్డాయి, తర్వాత పురుగుమందుల వైపు కూడా అనుమానం వెళ్ళింది. ఊరంతా ఒకేసారి పడిపోయింది కాబట్టి ఢిల్లీ నుంచి టీములొచ్చాయి. ఒక్కో షాపులో ఒక్కో మనిషి మెల్లగా పాడైతే ఎవరూ రారు, అందుకే పరీక్ష మీరే అడిగి చేయించుకోవాలి.

మా నాన్న కోల్డ్ స్టోరేజీ హమాలీ. నడుం నొప్పికి మెడికల్ షాపులో ఇచ్చే బిళ్ళలు రోజూ రెండు వేస్తారు. క్రియాటినిన్ 1.9 వచ్చింది. నీళ్ళు మార్చమంటున్నారు. సరిపోతుందా?
– నల్లపాడు

సరిపోదు తమ్ముడూ. క్రియాటినిన్ అంటే కిడ్నీ పనితీరు చూపే రక్త పరీక్ష, 1.9 అంటే ఎక్కువే. ముందు ఆ బిళ్ళలు ఇవాళే ఆపించు, ఎండలో చెమట పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి అందే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. బీపీ, షుగర్, మూత్రంలో అల్బుమిన్ చూపించి కిడ్నీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు. మన రాష్ట్రంలో ఉద్దానంలోను, మన పక్కనే ఎ.కొండూరు తండాల్లోను కిడ్నీ జబ్బు ఇంతమందిని పట్టుకోవడానికి కారణాల మీద ఇంకా పరిశోధన నడుస్తోంది, నీళ్ళ మీదే అందరి దృష్టి. కానీ సెంట్రల్ అమెరికాలో చెరకు కోసే కూలీల్లో ఇలాంటి జబ్బే వస్తే, అక్కడ ఎండ, శ్రమ ముఖ్య కారణాలని భావించి కొన్ని తోటల్లో నీళ్ళు, నీడ, మధ్యమధ్యలో విశ్రాంతి ఏర్పాటు చేశారు, ఆ చోట్ల కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. నాన్న దించే బస్తా 40 కిలోలకి పైనే కదా, లోపల చలి, బయట మే నెల ఎండ. గంటకోసారి ఆగి నీళ్ళు తాగే వీలుండాలని ముఠా మేస్త్రీతో మాట్లాడు. ఎన్ని నీళ్ళు, ఎంత ఉప్పు అనేది ఇప్పుడు డాక్టర్ చెప్పినట్టే, సొంతంగా ఉప్పు మజ్జిగ పెంచొద్దు.

మా వీధిలో కుళాయి నీళ్ళు మొదట పది నిమిషాలు వాసన వస్తాయి, తర్వాత బాగానే ఉంటాయి. తాగొచ్చా?
– పాత గుంటూరు

తాగొద్దు. నీళ్ళు వదలనప్పుడు పైపులో ప్రెషర్ పడిపోయి, పగుళ్ళుంటే పక్కనున్న మురుగు లోపలికి లాక్కుంటుంది, మీకు మొదట వచ్చేది అదే. 2018 మార్చిలో ఆనందపేట చుట్టుపక్కల విరేచనాలతో పది మందికి పైగా చనిపోయింది నీళ్ళలో మురుగు కలవడం వల్లే. వాసన పోయాక కూడా కాచి చల్లార్చే తాగండి. వీధిలో ఇద్దరు ముగ్గురికి విరేచనాలు మొదలైతే ఆ రోజే సచివాలయంలో చెప్పి, కుళాయి చివర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో మీ ఎదురుగానే చూడమనండి, రెండు నిమిషాల పని. ఇంట్లో ఎవరికైనా మొదలైతే లీటరు కాచిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచానే, తలగొట్టి కలిపి కొంచెం కొంచెం పట్టించండి, మూత్రం తగ్గినా మనిషి మగతగా ఉన్నా ఇంక ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళిపోండి.