కౌలు రైతుల సర్వేకు బయలుదేరే ముందు

చిరంజీవి మేనకోడలికి,

ఆశీస్సులు. కౌలు రైతుల అప్పులపై పరిశోధన చేస్తున్నావని, గోదావరి డెల్టాలో నాలుగు గ్రామాలు ఎంచుకుని 385 మందిని ప్రశ్నించాలనుకుంటున్నావని రాసిన ఉత్తరం అందింది. ఎంతమందిని అడగాలన్న విషయం రెండు పేజీలు రాశావు గాని, వాళ్ల పేర్లను ఏ జాబితా నుంచి తీస్తావో ఒక్క వాక్యమైనా రాయలేదు. ఇల్లిల్లూ తిరిగి సర్వేలు చేసే ఉద్యోగంలో ముప్పై ఏళ్లు గడిపినవాడిగా నన్ను కలవరపెట్టినది అదే.

పట్టాదారుల జాబితా నీకు పనికిరాదు, అందులో ఉండేది భూమి ఉన్నవాళ్లు. కౌలు రైతులకు ప్రభుత్వం ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రాలు పొందినవారి జాబితా సరిపోతుందని అనిపించవచ్చు. కానీ ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం 11 నెలల గడువుతో ఇచ్చే ఆ పత్రానికి భూయజమాని సంతకం కావాలి. నోటిమాట మీద కౌలు చేస్తూ, యజమాని సంతకం పెట్టనందువల్ల పత్రం దొరకని రైతులెవరూ ఆ జాబితాలో కనిపించరు. పత్రం ఉన్నవాడికి బ్యాంకు అప్పు పుట్టే దారి ఒకటుంటుంది. లేనివాడు వడ్డీకిచ్చేవాళ్ల దగ్గరికో ఎరువుల కొట్టుకో వెళ్తాడు. అంటే నువ్వు తెలుసుకోవాలనుకుంటున్న అప్పుల భారం ఎవరి మీద ఎక్కువగా ఉందో, సరిగ్గా వాళ్లే నీ లెక్కలోంచి జారిపోతారు. అటువంటి జాబితా నుంచి వెయ్యిమందిని తీసినా ఆ లోటు తీరదు.

1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి నమూనా ఓటు కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు అందుకుని, లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ప్రకటించింది. గెలిచినవాడు రూజ్‌వెల్ట్. ఆ చిరునామాల్లో ఎక్కువ భాగం టెలిఫోన్, కారు యజమానుల జాబితాల నుంచి తీసినవి. పైగా తిరిగి జవాబు రాసినవారి మొగ్గు కూడా రాయనివారి మొగ్గుకు భిన్నంగా ఉంది. వాట్సాప్ గుంపుల్లో ఫారం పంపి జవాబులు తెప్పించుకుందామన్న నీ ఆలోచనలో ఈ రెండు లోపాలూ ఉన్నాయి కనుక దాన్ని మానుకో.

ముందుగా ప్రతి గ్రామంలో శివారు పేటలతో సహా ప్రతి గడపకూ వెళ్లి రెండే ప్రశ్నలు అడుగు: ఈ ఏడాది ఎవరి భూమినైనా కౌలుకు చేస్తున్నారా, ఎన్ని ఎకరాలు. అలా తయారయ్యేదే నీ అసలు జాబితా. ఒక ఊళ్లో 180 కౌలు కుటుంబాలు తేలి, నీకు 30 కావాలంటే, ప్రతి ఆరింటికీ ఒకటి వస్తుంది. ఒకటి నుంచి ఆరు వరకు అంకెలు వేసిన చీటీల్లో ఒకటి తీసి, నాలుగు వస్తే 4, 10, 16 ఇలా వెళ్లు. చీటీ తీయకుండా నీకు నచ్చిన ఇంటి నుంచి మొదలుపెట్టవద్దు.

385 అన్న సంఖ్య ఎక్కడిదో కూడా చెబుతాను. 95 శాతం నమ్మకంతో, అయిదు శాతం అటూ ఇటూ తేడాతో ఒక నిష్పత్తిని అంచనా వేయడానికి, అదీ పెద్ద జనాభా నుంచి ఎవరినైనా సమానంగా ఎంచే వీలున్నప్పుడు వచ్చే లెక్క అది. మొత్తం కుటుంబాలు 400 మాత్రమే అయితే దాదాపు 196 చాలు. ఒకే ఊరివాళ్లు ఒకే కాలువ నీటితో, ఒకే దుకాణం అప్పుతో బతుకుతారు కాబట్టి, నాలుగు ఊళ్ల నుంచి తీసిన 385 మంది ఇచ్చే సమాచారం జిల్లా అంతటి నుంచి విడివిడిగా ఎంచిన 385 మంది ఇచ్చేంత ఉండదు. నీకున్న రెండు నెలల్లో 120 ఇళ్లను శ్రద్ధగా అడగడం మేలని నా అభిప్రాయం. ఊరికి ముప్పై చొప్పున తీసుకుంటే, నాలుగూళ్ల సగటు చెప్పేటప్పుడు ఒక్కో ఊరి సగటును అక్కడి కౌలు కుటుంబాల సంఖ్యతో గుణించి, అన్నీ కలిపి, మొత్తం కౌలు కుటుంబాల సంఖ్యతో భాగించు. ఆ గ్రామాలను నీ సౌకర్యం కొద్దీ ఎంచుకున్నావు కనుక, ఫలితాన్ని ఆ నాలుగు గ్రామాలకే పరిమితం చేసి రాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తాళం వేసిన ఇల్లు కనబడితే పక్కింట్లో అడిగి కాగితం నింపేవాణ్ణి. అది నాట్ల కాలమని, తాళాలు వేసుకున్నవాళ్లు పొలాల్లో ఉన్నారని, నా కాగితాల్లో చేరినవాళ్లు ఇంటిపట్టున ఉండగలిగినవాళ్లని చాలా ఆలస్యంగా గ్రహించాను. చీకటి పడ్డాక మళ్లీ వెళ్లు, మూడుసార్లు వెళ్లినా దొరకకపోతే దొరకలేదనే రాయి, ఆ సంఖ్యను పరిశోధనలో చూపించు.

ప్రశ్నల విషయానికి వస్తే, ‘ఏడాదికి ఎంత అప్పు’ అని అడిగితే రైతు తడబడతాడు. సార్వాకు (తొలి పంటకు) ఎంత తెచ్చారు, దాళ్వాకు (రెండో పంటకు) ఎంత తెచ్చారు అని పంటను పట్టుకుని అడుగు. ‘రెండు రూపాయల వడ్డీ’ అని చెబితే అది నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. దాన్ని రెండు శాతమని రాశావంటే నీ పట్టిక మొత్తం తప్పవుతుంది. కౌలు బస్తాల్లో చెబుతారు కాబట్టి బస్తా ఎన్ని కిలోలో ప్రతి ఇంటా అడిగి రాసుకో. ఎరువుల కొట్టులో తెచ్చిన సరుకును చాలామంది అప్పుగా చెప్పరు, దాన్ని వేరే ప్రశ్నగా పెట్టు. భూయజమాని గాని, ఆయన మనిషి గాని అరుగు మీద కూర్చుని ఉంటే ఆ రోజు అడగకుండా వచ్చేయి. జవాబులు రాసిన కాగితం మీద పేరు రాయకుండా అంకె మాత్రమే వేసి, పేర్ల జాబితాను విడిగా దాచు. నీకు నిజం చెప్పిన కారణంగా వచ్చే ఏడాది ఎవరికీ కౌలు భూమి పోకూడదు.

నీ స్నేహితురాలు కూడా అడగడానికి వస్తోందన్నావు కదా, చెరో రెండు ఊళ్లు పంచుకోవద్దు. ప్రతి ఊళ్లోనూ ఎంచిన ఇళ్లను చీటీలు వేసి చెరిసగం చేసుకోండి. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ బెంగాల్ పంటల సర్వేల్లో అనుసరించిన పద్ధతికి మూలసూత్రం ఇదే. ఇద్దరి సగటుల మధ్య తేడా మరీ ఎక్కువగా వస్తే, అడిగే తీరులోనో రాసే తీరులోనో లోపముందని మీకు అక్కడికక్కడే తెలుస్తుంది.

ఈ నాలుగూ కాని వేరే ఊళ్లో ముందుగా పది ఇళ్లలో ప్రశ్నలను పరీక్షించి, నింపిన ఆ కాగితాలను నాకు పంపు. అవి చూశాక ప్రశ్నల వరుస ఎక్కడ మార్చాలో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య