వేలికి పెట్టే క్లిప్పు చాలదా?

నిద్రలో ఊపిరి ఆగుతోందని డాక్టరు స్లీప్ స్టడీ (రాత్రంతా పడుకోబెట్టి నిద్రలో ఊపిరిని చూసే పరీక్ష) రాశారు, ఇంట్లో ఆక్సీమీటరు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే క్లిప్పు) పెట్టుకుని చూసుకుంటే చాలదా అని ఒకరు నన్ను అడిగారు. చాలదు. మా నాయన విషయంలో ఏడాది పాటు మేం చేసిన పొరపాటు అదే.

మాది తిరుపతి కొర్లగుంట. నాయనకు గుండె పంపింగ్ తక్కువ. రాత్రిపూట ఊపిరి పెరిగి పెరిగి, మళ్లీ తగ్గుతూ వచ్చి పూర్తిగా ఆగిపోయేది. అమ్మ పక్కన కూర్చుని ఒకటి, రెండు అని లెక్కపెట్టేది. ఆక్సీమీటరులో అంకె పడిపోవడం కనిపించేది, ఎందుకో తెలిసేది కాదు. ఒక క్లినిక్‌లో నిద్రమాత్రలు రాశారు. ఇంకోచోట టెస్టు లేకుండానే ‘సీప్యాప్ (మాస్కుతో గాలి నెట్టే మెషీన్) కొనేయండి, ఈఎంఐ ఉంది’ అన్నారు. ఈఎంఐ లేని జబ్బంటూ మిగల్లేదు!

చివరికి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టారు. నెత్తికి, గడ్డానికి, కాళ్లకు వైర్లు, ముక్కులో సన్నటి గొట్టం, ఛాతీకో బెల్టు, పొట్టకో బెల్టు. నాయన అద్దంలో చూసుకుని ‘గంగజాతరకు వేషం కట్టినట్టుందిరా, ఇంక బూతులే తక్కువ’ అన్నాడు. మా ఊరి జాతరలో వేషం కట్టి బూతులు తిట్టడం ఆనవాయితీ. పక్క కల్యాణమండపంలో 11 దాటినా డీజే ఆపకపోయేసరికి ఆ ముచ్చటా తీర్చుకున్నాడు.

నిద్ర పట్టాక టెక్నీషియన్ నన్ను పిలిచి స్క్రీను చూపించాడు. ముక్కు దగ్గరి గీత చదునుగా పోతోంది. గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగితే ఛాతీ, పొట్ట ఎగదన్నుతూనే ఉంటాయట. నాయనకు ఆ రెండు బెల్టుల గీతలూ కదల్లేదు. దారి బాగానే ఉంది, పీల్చమని మెదడు నుంచి కబురే రాలేదు. 10 సెకన్లు ఆగితే లెక్కలోకి తీసుకుంటారు, నాయన 30 దాటించాడు. నేనూ తెలియకుండానే ఊపిరి బిగబట్టి, ఆయనకన్నా ముందే వదిలేశాను.

మణికట్టు దగ్గర రక్తం తీసి కార్బన్ డయాక్సైడ్ కూడా చూశారు. 35 నుంచి 45 మధ్య ఉండాలి, నాయనకు తక్కువ వచ్చింది. పీల్చమని మెదడును ముఖ్యంగా తట్టిలేపేది ఆ కార్బన్ డయాక్సైడే, అది తగ్గితే కబురూ ఆగుతుంది. వేలి క్లిప్పులో ఇవేవీ కనపడవు.

గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకన్నా తక్కువుండి, ఇలా మెదడు వైపు నుంచి ఊపిరి ఆగేవాళ్లకు ఏఎస్‌వీ అనే మెషీన్ (ఊపిరి తగ్గినప్పుడల్లా మాస్కుతో గాలి పెంచేది) పెడితే గుండెజబ్బు మరణాలు పెరిగాయని 2015లో ఒక పెద్ద ట్రయల్‌లో తేలింది. అందుకే ఏ రకమో చూడకుండా మెషీన్లు అంటగట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. నాయనకు ముందు గుండె మందులు మార్చారు, దాంతోనే చాలావరకు సర్దుకుంది.

వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోకండి, వైర్లు అతుక్కోవు. నాయన కొబ్బరినూనె దట్టంగా పట్టించుకుని వచ్చాడు. ‘పెద్దాయనా, కొండకు పోయి గుండు కొట్టించుకుని వచ్చుంటే నాకు అరగంట మిగిలేది’ అన్నాడు పాపం టెక్నీషియన్.