శత్రువు గాయానికి కట్టు కడితే ద్రోహమా?

"తమ్ముడు ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరుతున్నాడు. గాయపడ్డ శత్రు సైనికుడు ఎదురైతే వైద్యం చెయ్యాలా? మనవాళ్లకి అన్యాయం చేసినట్టు కాదా?" అని అడిగారు.

చెయ్యాలండి. అది డ్యూటీ, అతని దయకి వదిలేసింది కాదు. 1949 మొదటి జెనీవా ఒప్పందం 12వ అధికరణ ప్రకారం ఎవరికి ముందు అన్నది తేల్చేది గాయమే, యూనిఫాం కాదు. మన పార్లమెంటు 1960లో దీనికి చట్టం కూడా చేసింది. ఆనంద్‌పూర్ పోరులో సిక్కు సేవకుడు భాయి కన్హయ్య శత్రువులకూ నీళ్లు తాగిస్తున్నాడని ఫిర్యాదు వస్తే, గురు గోవింద్ సింగ్ మందు కూడా ఇచ్చి పంపారని సిక్కులు చెప్పుకుంటారు.

అయితే ముందు ఆయుధం, తర్వాతే కట్టు. ఒకరు తుపాకీ గురిపెట్టి ఉంటే ఇంకొకరు వెతకాలి. బోర్లా పడ్డవాడి కింద గ్రెనేడ్ ఉండొచ్చు. హెల్మెట్, గుర్తింపు కార్డు, సొంత వస్తువులు మాత్రం వాడి దగ్గరే ఉంచాలి.

కాలి నుంచో చేతి నుంచో రక్తం చిమ్ముతుంటే టూర్నికే (రక్తం ఆపడానికి బిగించే పట్టీ) గాయానికి 2–3 అంగుళాల పైన, కీలు మీద పడకుండా కట్టాలి. రక్తం ఆగి, కింద నాడి అందకుండా పోయేదాకా బిగించాలి. కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. అరుస్తున్నాడని వదులుగా వదిలేస్తారు. అప్పుడు సిరలు మూసుకుంటాయి, ధమని మాత్రం తెరిచే ఉంటుంది, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది. కట్టిన టైము రాయాలి, మధ్యలో సడలించి చూడకూడదు. గజ్జల్లో, చంకలో టూర్నికే పట్టదు. గాజ్ గుడ్డ గాయం లోపలికంటా కూరి అదిమి పట్టాలి. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగ్గా గడ్డకట్టదు, కాబట్టి దుప్పటి కిందా వెయ్యాలి.

అసలు పరీక్ష వేరే. మన జవాను చెయ్యి విరిగి అరుస్తుంటాడు. పక్కన శత్రువు చప్పుడు లేకుండా నెత్తురోడుతుంటాడు. శత్రువే ముందు. అదే రోజు స్నేహితుణ్ణి పోగొట్టుకున్నవాళ్లు ఊరుకోరు. వాళ్లతో వాదన వద్దు. "శ్వాస నిమిషానికి 30 దాటింది, మణికట్టు దగ్గర నాడి లేదు, ఎరుపు" అని గట్టిగా చెప్పి ఎరుపు ట్యాగ్ (వెంటనే చూడాల్సినవాడని గుర్తు) వెయ్యమనండి. అంకెల మీద పోట్లాడేవాళ్లు తక్కువ.

మీ తమ్ముడే అవతలివాళ్లకి చిక్కితే యుద్ధఖైదీ కాడు. ఖైదీలకు వైద్యం అవసరమైనంత వరకే ఉంచుకోవచ్చు, తర్వాత తిప్పి పంపాలి. అందుకే ఎడమ చేతి రెడ్‌క్రాస్ పట్టీ, కార్డు తీసి పక్కన పెట్టొద్దని చెప్పండి.