నెలకే సోల్ ఊడిన షూస్: "కంపెనీని అడుక్కోండి" అంటే ఊరుకోకండి

మీరు అడిగింది ఇదీ: షాపులో 4,500 రూపాయలు పెట్టి రన్నింగ్ షూస్ కొన్నారు, నెల దాటీ దాటకముందే కుడికాలి సోల్ ముందు వైపు ఊడొచ్చింది, షాపువాళ్లేమో "నో ఎక్స్చేంజ్, నో రిఫండ్" బోర్డు చూపించి కంపెనీతో మాట్లాడుకోమన్నారు, కంపెనీవాళ్లు ఫోటోలు చూసి వాడకం వల్ల అరిగిందని కొట్టిపారేశారు, పైగా డబ్బా కూడా పారేశారు కాబట్టి ఇంక వదిలేసుకోవడమేనా అని.

వదిలేయకండి. ఇంచుమించు ఇదే గొడవ మా నాన్నగారి వాకింగ్ షూస్ విషయంలో నేను పడ్డాను, డబ్బు వెనక్కి వచ్చింది, కాబట్టి తెలిసిందంతా రాస్తున్నాను.

ముందు ఆ బోర్డు సంగతి. సైజు సరిపోలేదనో, ఇంటికెళ్లాక రంగు నచ్చలేదనో వెళ్తే మార్చడం మార్చకపోవడం షాపు ఇష్టం, అక్కడ బోర్డు చెల్లుతుంది. కానీ వస్తువులోనే లోపం ఉన్నప్పుడు గోడమీద ఏం రాసుకున్నా దాంతో పనిలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం (2020 జులై నుంచి అమల్లో ఉంది) లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడాన్ని అనుచిత వ్యాపార పద్ధతుల్లోనే చేర్చింది. బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపు, ఏమీ రాయకపోతే 30 రోజుల్లోపు అని అందులో ఉంది. అసలు బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. మీకు 30 రోజులు దాటిపోయాయని షాపువాళ్లు అనొచ్చు, అయినా దారి మూసుకుపోలేదు, ఎందుకంటే లోపమున్న వస్తువు అమ్మారని ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు, ఆ హక్కు దీనికి వేరుగా ఉంది. డిస్కౌంట్ సేల్‌లో కొన్నా అంతే, "ఈ జతలో ఫలానా లోపం ఉంది, అందుకే తగ్గించి ఇస్తున్నాం" అని ముందే చెప్పి అమ్మితే తప్ప.

రెండోది, నాకు బాగా కోపం తెప్పించేది, "కంపెనీకి మెయిల్ పెట్టండి సార్, మా చేతుల్లో ఏం లేదు" అనే మాట. మీ దగ్గర డబ్బు తీసుకున్నది ఎవరు? షాపు. బిల్లు ఎవరి పేరు మీద ఉంది? షాపు పేరు మీద. కంపెనీ వారంటీ అనేది దానికి అదనం మాత్రమే, దాన్ని చూపించి అమ్మినవాడు తప్పుకోవడానికి లేదు. మా నాన్నగారి విషయంలోనూ ఇలాగే షాపుకీ కస్టమర్ కేర్‌కీ మధ్య తిప్పారు. ఆయనకి షుగర్ ఉంది, కాలికి దెబ్బ తగలకూడదని డాక్టరు చెబితే మంచి షూస్ కొన్నాం, ఆ సోల్ ఊడి వేలాడుతుంటే మెట్ల దగ్గర తట్టుకుని పడబోయారు. అప్పుడు కూడా కౌంటర్ దగ్గర అబ్బాయి చెప్పింది మెయిల్ ఐడీయే. ఆ అబ్బాయి మీద అరిచి లాభం లేదు, పాపం అతనికి అధికారం ఉండదు. మేనేజర్ పేరు అడిగి, అతని పేరు మీద ఫిర్యాదు కాగితం ఇవ్వాలి.

కాగితానికి ముందు షూస్ సంగతి చూడాలి, ఎందుకంటే కేసు మొత్తం దాని మీదే నిలబడుతుంది. దయచేసి ఫెవిక్విక్ పెట్టకండి, వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర కుట్టించకండి. ఒకసారి బయట రిపేరు పడితే "మీరే పాడుచేశారు" అనడానికి వాళ్లకి సాకు దొరుకుతుంది. కడగకుండా, ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టి ఉంచండి. తర్వాత పగటి వెలుతురులో ఫోటోలు తీయండి, ఊడిన చోటే కాదు, సోల్ అడుగు భాగం పూర్తిగా కనపడేలా, మడమ దగ్గర గీతల డిజైన్ దగ్గరనుంచి కూడా. ఇది చాలా ముఖ్యం. వాడకం వల్ల అరిగితే ముందు పోయేది ఆ గీతలే. గీతలు కొత్తవాటిలా ఉండి, పైభాగానికీ సోల్‌కీ మధ్య అతుకు మాత్రం విడిపోయిందంటే అది జిగురు సరిగా పట్టకపోవడం, అంటే తయారీ లోపం, అరుగుదల కాదు. ఈ ఒక్క ఫోటో చూపించాకే మాతో మాట్లాడే తీరు మారింది.

షూ నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలి వైపు కుట్టిన చిన్న లేబుల్ ఫోటో కూడా తీసుకోండి. తయారైన నెల, సంవత్సరం డబ్బా మీద తప్పకుండా ఉంటాయి, చాలా కంపెనీలు ఆ లేబుల్ మీద కూడా వేస్తాయి, మీ డబ్బా పోయింది కాబట్టి అక్కడ వెతకండి. ఎందుకంటే పాలీయురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సోల్స్ గాలిలోని తేమకి కాలక్రమంలో లోపల్నుంచి విరిగిపోతాయి, డబ్బాలో ఊరికే పెట్టినా సరే. ఏళ్ల తరబడి గోడౌన్లో ఉన్న సరుకు, అందులోనూ కోస్తా ఊళ్ల ఉక్కపోతలో, కొత్తగా కనిపిస్తూనే పది నడకలకి పొడిపొడిగా రాలిపోవచ్చు. పాత స్టాక్ అయితే ఆ తేదీ మీకు బలం.

ఒకటి మాత్రం నిజాయితీగా చూసుకోండి. వాషింగ్ మెషీన్‌లో వేశారా, తడిసినప్పుడు ఎర్రటెండలో గానీ హీటర్ దగ్గర గానీ ఆరబెట్టారా, రన్నింగ్ షూస్‌తో క్రికెట్, బ్యాడ్మింటన్ ఆడారా? అలాంటివి ఉంటే వాళ్ల వాదనకి బలం వస్తుంది, వేడికి జిగురు వదిలేస్తుంది కాబట్టి. లేకపోతే ధైర్యంగా కాగితంలో రాయండి, "నడకకి తప్ప వాడలేదు, మెషీన్‌లో ఉతకలేదు" అని.

డబ్బా లేకపోతే హక్కు పోదు. కొన్నట్టు రుజువు కావాలి, అంతే. బిల్లు దొరక్కపోతే యూపీఐ చెల్లింపు, బ్యాంకు స్టేట్‌మెంట్, మీ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ ఏదైనా పనికొస్తుంది. పెద్ద షోరూముల్లో బిల్లు వేసేటప్పుడు మొబైల్ నంబర్ అడుగుతారు కదా, అదే నంబర్ చెప్పి డూప్లికేట్ బిల్లు తీయమనండి, చాలాచోట్ల తీస్తారు.

ఇక కాగితం. నేను రాసింది దాదాపు ఇలా ఉంది, మీ వివరాలు మార్చుకుని వాడుకోండి: "ఫలానా తేదీన మీ షాపులో ఫలానా మోడల్ షూస్ ఇంత ధరకి కొన్నాను. ఫలానా తేదీన కుడి షూ సోల్ అతుకు ముందు భాగంలో విడిపోయింది. కింద గీతలు అరగలేదని జతచేసిన ఫోటోల్లో చూడవచ్చు. ఇది తయారీ లోపం. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో అదే మోడల్ కొత్త జత ఇవ్వండి, లేదా పూర్తి ధర తిరిగి చెల్లించండి. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను." తిట్లు వద్దు, సోషల్ మీడియాలో పెడతామనే బెదిరింపులూ వద్దు. షాపుకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, అదే విషయం కంపెనీకి ఈమెయిల్ చేయండి. ఫోన్లో ఎంత మాట్లాడినా రేపు చూపించడానికి ఏమీ ఉండదు. వాళ్లు ఫోన్ చేసి ఏదైనా చెబితే "మీరు ఇలా అన్నారు" అని వెంటనే ఒక మెయిల్ పెట్టేయండి.

జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు, 8800001915కి వాట్సాప్ కూడా చేయొచ్చు. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, కాగితాలు అప్‌లోడ్ చేస్తే కంపెనీకి పంపిస్తారు. వాళ్లు ఆర్డర్ వేయలేరు, అది కోర్టు కాదు, కానీ మాకు పని జరిగింది అక్కడే. అంతవరకూ పలకని కంపెనీ తనే ఫోన్ చేసి షూస్ షాపులో ఇవ్వమంది. ఇచ్చేటప్పుడు మోడల్, తేదీ, లోపం రాయించి సంతకం, స్టాంపు ఉన్న రసీదు తీసుకున్నాను, మీరూ తీసుకోకుండా వస్తువు చేతికివ్వకండి. తర్వాత డబ్బుకి బదులు అదే షాపులో కొనుక్కోవడానికి క్రెడిట్ నోట్ ఇస్తామన్నారు, ఇన్ని నెలల్లోపే వాడాలని షరతు పెట్టి. మీకు ఆ షాపులో మళ్లీ కొనాలని ఉంటే తీసుకోండి, తప్పేం లేదు. నాకు లేదు కాబట్టి అదే జత ఇవ్వండి లేదా డబ్బు ఇవ్వండి అని మెయిల్‌లో రాశాను, ఆ మోడల్ స్టాక్ లేకపోవడంతో డబ్బు వచ్చింది.

అక్కడా తేలకపోతే జిల్లా కమిషన్, మనం ఇంకా కన్స్యూమర్ కోర్టు అని పిలిచేదే. 4,500 కోసం కోర్టా అని టెన్షన్ పడకండి. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ని పెట్టుకోవాలన్న నియమం లేదు, ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటినుంచే వేయొచ్చు. మీరు హైదరాబాద్‌లో కొని కర్నూలులో ఉంటున్నా కర్నూలులోనే వేసుకోవచ్చు, 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. షాపునీ కంపెనీనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి, అప్పుడు ఒకరిమీద ఒకరు తోసుకోవడం కమిషన్ ముందే జరుగుతుంది. ల్యాబ్ పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, కానీ వాస్తవంలో అంతకన్నా ఆలస్యమవుతుందని అనుకునే దిగండి. ధరతో పాటు ఇబ్బందికి పరిహారం, ఖర్చులు కూడా అడగొచ్చు.

ఇది చదివే వాళ్లలో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లుంటే: 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. యాప్‌లో రిటర్న్ బటన్ మాయమైందని ఆగిపోకండి, సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిల్ ఉంటాయి, 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌లో గంటలు గంటలు కూర్చోవడం కన్నా ఆ మెయిల్ నయం.

మీరు ఈ వారమే ఉత్తరం పంపేయండి. వాకింగ్ ఆపుకోలేరు కాబట్టి ఈలోపు వేరే జత కొనుక్కోండి, ఆ పాతవాటిని మాత్రం మళ్లీ తొడగొద్దు, కొత్త బిల్లు కూడా అదే ఫైల్లో పెట్టండి. కంపెనీ పంపిన "అరిగింది" మెయిల్‌లో పరీక్ష చేసి చెప్పారా లేక ఫోటో చూసి చెప్పారా అన్నది ఒకసారి చూసి ఇక్కడ రాయండి, ఫోటో చూసే చెప్పి ఉంటే ఉత్తరంలో ఆ సంగతి ఎలా చేర్చాలో చెప్తాను.