అమ్మ తర్వాత తమ్ముడికి ఫ్యామిలీ పెన్షన్: గార్డియన్ సర్టిఫికెట్ కోసం కోర్టుకే వెళ్లాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నాన్నగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాక పోయారు. అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. తమ్ముడికి 27 ఏళ్లు, మేధో వైకల్యం 75 శాతం. అమ్మ తర్వాత ఆ పెన్షన్ తమ్ముడికి రావాలంటే కోర్టు నుంచి గార్డియన్ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకులో చెప్పారు. లాయరుగారేమో గార్డియన్ ఓపీ (కోర్టులో వేసే ఒరిజినల్ పిటిషన్) వేద్దామంటున్నారు.

లాయరు ఫీజు ఇప్పుడే కట్టకండి. ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి: పెన్షన్ ఒకటి, గార్డియన్‌షిప్ ఒకటి. బ్యాంకువాళ్లు రెండూ కలిపేశారు.

ముందు పెన్షన్ సంగతి. కేంద్ర పెన్షన్ నిబంధనలు, 2021లో రూల్ 50 ప్రకారం, వైకల్యం వల్ల సొంతంగా బతుకుతెరువు చూసుకోలేని కొడుక్కి గానీ కూతురికి గానీ ఫ్యామిలీ పెన్షన్ జీవితాంతం వస్తుంది. మామూలు పిల్లలకుండే 25 ఏళ్ల పరిమితి ఉండదు. మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో ఉద్యోగి లేదా పెన్షనరు ముందే నామినేట్ చేయొచ్చు. ఆయన చేయకుండా పోతే ఆయన భార్య చేయొచ్చు. ఆ నామినేషన్ ఉంటే కోర్టు సర్టిఫికెట్ అడగకూడదు. నామినేషన్ లేనప్పుడే సర్టిఫికెట్ కావాలి, అప్పుడైనా నేషనల్ ట్రస్ట్ చట్టం కింద స్థానిక కమిటీ (దీని సంగతి కింద చెబుతాను) ఇచ్చేది చెల్లుతుంది. అంటే అమ్మగారు ఉండగా పెట్టే ఒక్క సంతకం తర్వాత మీకు ఎన్నో నెలల తిరుగుడు తప్పిస్తుంది.

ఆ దరఖాస్తు బ్యాంకు బ్రాంచిలో ఇచ్చేది కాదు. నాన్నగారు చివరగా పనిచేసిన ఆఫీసు అధిపతికి అమ్మగారి పేరుతో రాయాలి. అందులో రెండు విన్నపాలు ఉండాలి. ఒకటి, పీపీవోలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) తమ్ముడి పేరు శాశ్వత వైకల్యం ఉన్న సంతానంగా ఇప్పుడే చేర్చమని. రెండు, "నా తర్వాత నా కుమారుడికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌ను అతని తరఫున తీసుకోవడానికి నా కూతురు ఫలానా ఆమెను నామినేట్ చేస్తున్నాను" అని. పీపీవో కాపీ, నాన్నగారి మరణ ధృవీకరణ, తమ్ముడి యూడీఐడీ కార్డు (వికలాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు), వైకల్య సర్టిఫికెట్, అమ్మగారి, తమ్ముడి ఆధార్, ఫోటోలు జత చేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆఫీసు నుంచి పే అండ్ అకౌంట్స్‌కి, అక్కణ్నుంచి ఢిల్లీలోని సెంట్రల్ పెన్షన్ అకౌంటింగ్ ఆఫీసుకి, చివరికి బ్యాంకు పెన్షన్ ప్రాసెసింగ్ సెంటర్‌కి సవరించిన ఉత్తర్వు వస్తుంది. బ్రాంచి మేనేజరు చేసేది ఆ ఉత్తర్వు అమలు చేయడం వరకే. కాబట్టి ఆయనతో వాదించి లాభం లేదు. నాన్నగారిది రైల్వే అయితే ఫైలు వెళ్లే దారి వేరు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగమైతే నిబంధనలే వేరు, ఇదంతా యథాతథంగా వర్తించదు.

ఫైలు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. సర్వీసు రికార్డులో ఇంటిపేరుతో పూర్తి పేరు, ఆధార్‌లో పొడి అక్షరాలు, యూడీఐడీలో ఇంట్లో పిలిచే పేరు. ఇలా మూడు చోట్ల మూడు రకాలుంటే వెనక్కి పంపుతారు. పంపకముందే ఆధార్, యూడీఐడీ ఒకేలా చేయించండి. సర్వీసు రికార్డును ఇప్పుడు మార్చలేరు కాబట్టి, ఆ పేర్లన్నీ ఒకే మనిషివని అఫిడవిట్ జత చేయండి. నాన్నగారు అప్పట్లో కుటుంబ వివరాల ఫారంలో తమ్ముడి పేరు రాయకపోయినా అదొక్కటే కారణంగా తిరస్కరించకూడదు. పుట్టిన తేదీ ధృవీకరణ, స్పెషల్ స్కూల్ రికార్డు లాంటివి పెడితే చాలు.

ఇంకో మెలిక సర్టిఫికెట్ మీద ఉంటుంది. వైకల్యం 'శాశ్వతం' అని ఉందా, 'తాత్కాలికం' అని ఉందా చూడండి. తాత్కాలికమైతే పెన్షన్ కోసం ఐదేళ్లకోసారి కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలి. చిన్నప్పుడు తీసుకున్న పాత సదరం సర్టిఫికెట్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

ఆదాయ పరిమితి కూడా ఉంది. ఫ్యామిలీ పెన్షన్ కాకుండా తమ్ముడికి వచ్చే ఆదాయం, నాన్నగారి చివరి జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్ (పెన్షనర్ల కరువు భత్యం) కలిపిన మొత్తాన్ని దాటకూడదు. 2021 ఫిబ్రవరికి ముందు ఇది 9,000 రూపాయలు, దాని మీద డీఆర్‌గా ఉండేది. ప్రేమకొద్దీ ఇల్లమ్మిన డబ్బంతా తమ్ముడి పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తుంటారు చాలామంది. ఆ వడ్డీ ఆదాయం కిందికే వస్తుంది. వేసే ముందు లెక్క చూసుకోండి.

ఇక గార్డియన్‌షిప్. పెన్షన్‌కి అక్కర్లేకపోయినా బ్యాంకు ఖాతా, బీమా, ఆస్తి పనులకు ఇది కావాల్సి రావచ్చు. తల్లిదండ్రులు సహజ సంరక్షకులుగా ఉండేది పిల్లలకు 18 నిండేదాకానే. ఆ తర్వాత కన్నతల్లికైనా చట్టం దృష్టిలో కాగితం కావాలి. లాయరుగారు చెప్పేది 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కిందైతే అది మైనర్లకే, 27 ఏళ్లవాడికి పనికిరాదు. 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఇదివరకు గార్డియన్‌ను పెట్టేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చి దాన్ని రద్దు చేసింది. కొత్త చట్టంలో ఉన్న నామినేటెడ్ రిప్రజెంటేటివ్ వైద్యం వరకే, ఆస్తికి కాదు. పైగా మేధో వైకల్యం దాని పరిధిలోకే రాదు.

మీకు సరిపోయేది నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం - ఈ నాలుగింటికే అది. స్కిజోఫ్రీనియా, పక్షవాతం, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు ఈ దారిలో వెళ్తే తిప్పి పంపుతారు. వాళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 14 కింద పరిమిత గార్డియన్‌షిప్ చూడాలి.

కలెక్టర్ అధ్యక్షతన జిల్లాకో స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. నేషనల్ ట్రస్ట్‌లో నమోదైన ఒక సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో సభ్యులు. దరఖాస్తు ఫారం ఎ. జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో ఇవ్వొచ్చు. తల్లి లేదా తండ్రి తమకు నచ్చిన ఎవరినైనా గార్డియన్‌గా పెట్టమని అడగొచ్చు. ఇక్కడ నా సలహా: అమ్మగారినే గార్డియన్‌గా పెట్టించకండి. ఆమె తర్వాత మళ్లీ మొదటికొస్తారు. అమ్మగారు దరఖాస్తుదారు, మీరు గార్డియన్. మీ సమ్మతి పత్రం తప్పనిసరి. ఇంకా తోబుట్టువులుంటే వాళ్ల అభ్యంతరం లేదనే పత్రాలు ముందే జత చేయండి, ఫైలు త్వరగా కదులుతుంది. కోర్టు ఫీజు లాంటిదేమీ ఉండదు.

కమిటీ తమ్ముణ్ని చూడాలంటుంది. పేరేంటి, అన్నం ఎవరు పెడతారు, ఈమె ఎవరు అని అడుగుతారు. కలెక్టరేట్ వరండాలో మూడు గంటలు కూర్చోబెడితే ఎవరికైనా విసుగే. సంక్షేమ కార్యాలయానికి ముందే ఫోన్ చేసి వంతు సమయం కనుక్కోండి, తినిపించి తీసుకెళ్లండి. అతను కదల్లేని స్థితిలో ఉంటే ఇంటికొచ్చి చూడమని రాతపూర్వకంగా అడగండి.

కమిటీ కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలని చట్టంలోనే ఉంది. కాలపరిమితి మూడేళ్లు. అది ముగిశాక కొత్త కమిటీ వేయకపోతే దరఖాస్తులు పేరుకుపోతాయి. మూడు నెలలైనా కబురు లేకపోతే కమిటీ ప్రస్తుతం ఉందా, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది అని ఆర్టీఐలో అడగండి. ఆ రెండు ప్రశ్నలకే చాలాసార్లు ఫైలు కదులుతుంది. దానికీ స్పందన లేకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి రాయండి.

ఉత్తర్వు ఫారం బిలో వస్తుంది. ఏయే పనులకు గార్డియన్‌షిప్ అవసరమో కమిటీ చూడాలి కాబట్టి ఫారం ఎలోనే విడివిడిగా రాయండి: బ్యాంకు ఖాతా నడపడం, పెన్షన్, వైద్యం, బీమా, ఆస్తి నిర్వహణ. 'సంరక్షణ' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే రేపు బ్యాంకువాళ్లు "ఖాతా అని లేదు కదా" అంటారు. కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్ తీసుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్లో ఒప్పుకోకపోతే ఆ సర్క్యులర్ ప్రస్తావిస్తూ లేఖ ఇచ్చి రసీదు తీసుకోండి. కాకపోతే ఒకటి: తమ్ముడు చిన్న మొత్తాలు గుర్తుపట్టి సొంతంగా ఖర్చు చేసుకోగలిగితే అతని పేరుతో చిన్న ఖాతా వేరుగా ఉంచండి. సొంత డబ్బు మీద అజమాయిషీ అతని హక్కని 2016 చట్టం సెక్షన్ 13 అంటుంది. గార్డియన్ వచ్చినంత మాత్రాన అతని మాట లెక్కలేకుండా పోకూడదు.

మీరు అడగలేదు గానీ, నాన్నగారి ఇల్లు ఇంకా ఆయన పేరు మీదే ఉంటే జాగ్రత్త. మీది హిందూ కుటుంబమైతే, వీలునామా లేని స్వార్జితంలో అమ్మగారితో, మీతో సమానంగా తమ్ముడికీ వాటా ఉంది. అతని వేలిముద్ర వేయించి హక్కు విడుదల పత్రం రాయించుకోవడం మన దగ్గర మామూలే. కానీ ఒప్పందం అర్థం చేసుకోలేని మనిషి వేసిన ముద్ర చెల్లదు. రేపు ఇల్లు కొనేవాడి లాయరే దాన్ని పట్టుకుంటాడు. మీరే గార్డియన్, మీరే వాటాదారు అయితే అది ప్రయోజనాల ఘర్షణ. అలాంటి లావాదేవీలో సహాయపడే వ్యక్తి తప్పుకోవాలని 2016 చట్టం సెక్షన్ 13లోనే ఉంది. రక్తసంబంధం ఉందన్న ఒక్క కారణంతో ఘర్షణ ఉందని అనుకోకూడదనీ ఉంది, కానీ పంపకాల్లో మీకూ వాటా ఉన్నప్పుడు అది అక్కరకు రాదు. పంపకం ఒక్క పనికి మాత్రం లాయరు కావాలి, కోర్టు అనుమతితోనే చేయండి.

గార్డియన్ అయ్యాక పని మొదలైనట్టే. ఆరు నెలల్లో తమ్ముడి ఆస్తులు, అప్పులు, రావాల్సిన బాకీల జాబితా కమిటీకి ఇవ్వాలి. ఏటా మార్చి ముగిశాక మూడు నెలల్లో, అంటే జూన్ 30 లోపు, లెక్కలు చూపాలి. చాలామంది జాబితా ఇచ్చి లెక్కలు మర్చిపోతారు. బంధువుల్లో ఎవరైనా గార్డియన్‌ను తీసేయమని ఫిర్యాదు చేస్తే మొదట అడిగేది ఆ లెక్కలే. పెన్షన్ పడే ఖాతాలో మీ సొంత డబ్బు కలపకండి. మందుల బిల్లులు, స్పెషల్ స్కూల్ ఫీజు, ఆయా జీతం ఆ ఖాతా నుంచే ఇవ్వండి. పాస్‌బుక్కే మీ లెక్కల పుస్తకం అవుతుంది.

నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల వరకు ఉంది, పైన చెప్పిన నాలుగు వైకల్యాలకే. వయసు పరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలూ లేవు. మీరు పాత పన్ను విధానంలో ఉండి తమ్ముడు మీ మీదే ఆధారపడి ఉంటే అతని పోషణ ఖర్చు కింద ఆదాయపు పన్నులో 75,000 రూపాయల మినహాయింపు వస్తుంది. వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000. తోబుట్టువులు కూడా దాని కిందికి వస్తారు.